కూత ఆగాక

ఆ ఆదివారం పొద్దున మబ్బు బాగా కిందికి దిగి, కురవకుండా ఉక్కపోస్తూ నిలబడింది. సింగపూర్‌లో వలస కూలీలుండే డార్మిటరీ గదిలో, మెడకు కాలర్ వేసుకున్న తన బావ మంచం పక్కన పైడిరాజు కూర్చున్నాడు. కిందటి వారం కబడ్డీలో బావను ఎత్తి పడేసింది తనే.

"ఆటల కమిటీవోళ్ళు ఏటడిగినారు బావా?"

"నువ్వు కావాలనే పడీసినావా అనడిగినారు. తలూపడానికి మెడ తిరగదు కదా, నోటితోనే సెప్పినాను."

"కాలుజారి పడ్డానన్నావా?"

"నేదు. నడుం పట్టి పైకెత్తి, తలకిందులుగా ఇసిరీసినావన్నాను."

"ఆ పట్టు నువ్వే కదా నేర్పినావు."

"ఏటొడ్డు ఇసకలో నేర్పినాన్రా. ఇక్కడ సిమెంటు మీద పల్చటి మ్యాటు."

"ఊపులో తెలీనేదు."

"నా కూత ఆగిపోయింది. ఆట అయిపోయినట్టే. అది నీకు ఇనబడిందా, నేదా?"

పైడిరాజు అన్నం గిన్నె మీద మూత సర్దాడు.

"ఇనబడింది."

"మరి వదిలీనేదేం?"

"అందరూ అరుస్తన్నారు బావా."

"ఏడాది ఆడనివ్వరంట నిన్ను."

"ఆదివారం ఆట కూడా నేకపోతే ఇక్కడ నాకేటుంది? ఒక్క అబద్ధం ఆడితే నీ సొమ్మేం పోయింది?"

"రేపు నీ పట్టులో ఇంకొకడు పడి లేవకపోతే, ఆళ్ళమ్మకి ఫోను ఎవరు సేస్తార్రా?"

పైడిరాజు గిన్నె మూత తీసి కంచంలో అన్నం పెట్టాడు. అన్నంలో పప్పు కలిపాడు. బావ తల వంచలేడు గనుక కంచాన్ని అతని గడ్డం దాకా ఎత్తి పట్టుకున్నాడు. ఒక ముద్ద బావ తీసుకున్నాడు, ఒక ముద్ద తను. కంచం ఖాళీ అయ్యేదాకా పైడిరాజు దాన్ని కిందికి దించలేదు.