మొహియుద్దీన్ భాయ్ మౌజర్ బోల్టు

ఏమన్నవ్? మళ్లొకసారి అను. మీ దాదా తుపాకీ సామాను అమ్ముకున్నడా? ఎవడన్నడు నీకు గా మాట? పెండ్లిల బిర్యానీ తినుకుంట అన్నడా? మంచిగుంది. మట్టిల పండుకున్నోని మీద ఏమన్నా అనొచ్చు, లేచొచ్చి అడుగుతడా ఏంది. కూసో ముషర్రఫ్, కూసో బేటా, చాయ్ చెప్తా. గీ పంజాగుట్టల మీ దాదా బట్టల దుకాణం, పక్కనే నా ఫొటో ఫ్రేముల దుకాణం. నాకంటే ఎక్కువ ఎవనికి తెలుసు మొహియుద్దీన్ భాయ్ సంగతి?

మాట మొదలువెడితే ఆపేటోడు కాదు, అది ఒప్పుకుంటా. వాళ్ల అబ్బా నిజాం జమానాల కొన్న మౌజర్ తుపాకీ ఒకటుండె. షికారు ఎన్నడో బందైంది, అయినా జుమ్మా నమాజు కాంగనే నూనె గుడ్డతోటి తుడిచేటోడు. గప్పుడు అమీర్‌పేటంత కంప్యూటర్ కోచింగుల లొల్లి. మైత్రీవనంకెళ్లి వచ్చే పోరగాళ్లకు 'నాది మౌజర్ తొంభై ఎనిమిది' అని చెప్పేటోడు. వాళ్లేమో 'అంకుల్, విండోస్ సుత తొంభై ఎనిమిదే' అని నవ్వుడు. ఇగ చూస్కో కోపం! 'అరె, అది పద్దెనిమిది వందల తొంభై ఎనిమిది! ఆ నమూనా పుట్టిన సాలు! వించెస్టర్ డెబ్బై అని ఇంకో తుపాకీ ఉంటది, అది డెబ్బైల పుట్టలే, మస్తు ముందుగాలనే వచ్చింది, డెబ్బై అన్నది ఉత్త పేరు. థర్టీ నాట్ సిక్స్ అనే తూటాల ముప్పై అంటే గుండు లావు, సిక్స్ అంటే మళ్ల సాలు. ఒక్కొక్కనిది ఒక్కో రివాజు. గని మోడల్ అంటే ఖాందాన్ పేరు భాయ్, మనిషి పేరు కాదు. మనిషిని గుర్తువట్టాలంటే నెంబర్ చూడాలె. తుపాకీ ఒంటి మీద ఏ నెంబరో, బోల్టు మీద సుత గదే నెంబర్.' బోల్టంటే, తలుపు గడియ లెక్క ఎత్తి ఎనకకు గుంజుతరు సూడు, గది. నాకు తుపాకీ అంటేనే భయం, ఆయన చెప్పంగ చెప్పంగ నాకే నోటికొచ్చింది.

తొంభై తొమ్మిదిల ఓట్లొచ్చినయ్. ఓట్లప్పుడు లైసెన్సు తుపాకులన్ని ఠాణాల జమ చెయ్యాలె కదా. నన్ను తోల్కపోయిండు. ఆడ లెక్కలు రాసే పోలీసు రైటరు బోల్టు ఊడదీసి వేరే పెడతనన్నడు. మీ దాదా కుర్చీ గుంజుకొని కూసొని వానికి పాఠం మొత్తం చెప్పిండు. అంత చెప్తే వాని బుర్రల పడ్డదేంది? తొంభై ఎనిమిది! బోల్టుకు చీటీ కట్టి గదే రాసిండు. 'నెంబర్ రాయి బాబూ' అంటే 'తెలుసు చాచా' అన్నడు. ఏం తెలుసురా నీకు, నీ మొఖం! అమీర్‌పేటల రామ్మోహనరావని కోస్తా నుంచొచ్చిన కంట్రాక్టరు, ఆయనది సుత గదే మౌజర్. ఆయన బోల్టుకు సుత గదే చీటీ, రెండు ఒక్క డబ్బల ఏసిండు. ఓట్లయినంక రావు ముందుగాలనే వచ్చి ఒకటి తీస్కపోయిండు. మేం తెచ్చుకోవోతే, మీ దాదా చేతిల పట్టుకోంగనే 'ఇది నాది కాదు' అన్నడు. రైటరేమన్నడో ఎరికేనా? 'అసలుది అమ్ముకొని మా మీద ఏస్తున్నవా చాచా?' నలుగురి ముంగట! కొలిచిన బట్ట మీద ఇంకో జానెడు ఎక్కువ కోసిచ్చే మనిషిని! అసలుది తెచ్చేదాక తుపాకీ ఇయ్యం, కేసు రాస్తం అన్నరు.

రావు ఇంటికి పోయినం. 'ఒక్కసారి నెంబర్ చూడుండ్రి, చాలు' అని బతిమాలిండు మీ దాదా. ఎన్నడు ఎవ్వరిని బతిమాలని మనిషి. ఆయనేమో, 'ఏంటండీ మొహియుద్దీన్ గారూ, నాదీ తొంభై ఎనిమిదే, బోల్టు చక్కగా తిరుగుతోంది. ఇప్పుడు చూసి తేడా ఉందంటే నన్ను కూడా స్టేషన్ చుట్టూ తిప్పుతారు. ముందు కాఫీ తీసుకోండి' అన్నడు. కాఫీ! నాకు గా గ్లాసు ఎత్తి గోడకు కొట్టాలనిపిచ్చింది. మీ దాదా లేచి సలాం చేసి బయటికొచ్చిండు. గంతే, ఆనాటి నుంచి దుకాణంల మాట బందైంది. బేరానికొచ్చినోళ్లు కొంచెం గుసగుసలాడితే చాలు, తన గురించే అనుకునేటోడు. మళ్ల వానలు రాకముందే పోయిండు. గుండె ఆగిందన్నరు డాక్టర్లు. ఆగదా మరి?

మూడో దినం, జియారత్ నాడు రావు వచ్చిండు. రుమాలుల చుట్టుకొని బోల్టు తెచ్చిండు. 'అమ్మా, నెంబర్ చూశాను. ఆయనదే. మీ ఇంట్లో ఉంచుకోండి' అని నెమ్మదిగ అన్నడు. మీ దాదీ ఇద్దత్‌ల ఉండె, మొగడు పోయినామె పరాయి మొగోళ్లకు కనవడొద్దు కదా, తెర ఎనకకెళ్లి మాట్లాడింది. ఫఖ్రున్నీసా భాభి గొంతు అంత గట్టిగ నేనెన్నడు వినలే. 'ఇంట్ల ఆయనను ఎవ్వరు చోర్ అనలే భాయ్‌సాబ్. ఠాణాల అన్నరు. ఆడ ఇయ్యుండ్రి. నలుగురి ముంగట చెప్పి ఇయ్యుండ్రి.'

రావు మళ్ల రుమాలుల చుట్టుకున్నడు, లేచిండు. పోయిండా అంటవా ఠాణాకు? బేటా, ఆయన పొద్దుగాల నడక ఠాణా ముంగటికెళ్లే ఉండె. గా దినం సంది ఆ తొవ్వ ఇడిసిపెట్టి, చుట్టు తిరిగి పోయేటోడు.

జర గిటు జరుగు, ఎండ మీద పడుతున్నది నీకు.