నలుగుపిండి డబ్బ మీది మొకం

అగో, మీరు గూడ గా లైటు పెట్టి గట్లనే చూస్తున్నరు! మా దుకానంకొచ్చే ఆడోళ్లు గూడ గిట్లనే చూస్తున్నరు డాక్టరమ్మా, జర ఎనకకు జరిగి. నలుగుపిండి అమ్మెటోడి మొకం గిట్లుంటే ఎవరు కొంటరు, మీరే చెప్పుండ్రి!

పేరా? పురుషోత్తం. చార్మినార్ కాడ గాజుల దుకాన్ల ఎనక గల్లీల మాది నలుగుపిండి దుకానం. మా తాత పెట్టిండు. పెండ్లున్న ఇంటోళ్లంత మా కాడికే వస్తరు. గల్ల మీద కూసున్నోడి ఫోటోనే డబ్బ మీదుండాలె, అది మా ఇంటి రివాజు. ముందు తాత మొకముండె, నిగనిగ. తర్వాత మా బాపుది. ఇప్పుడు నాది. కింద ‘మా మొకమే మా సాక్ష్యం’ అని రాపిచ్చిండు మా తాత. ఆయనకేం, మంచిగ రాపిచ్చి పోయిండు!

ఇప్పుడు కొత్త డబ్బలు అచ్చుకు పోతున్నయి. ఎల్లుండి ఫోటో. అచ్చేసే ప్రకాశం నన్ను చూసి, “సేఠ్, పాత ఫోటోనే పెడదామా?” అన్నడు. పాత ఫోటోల ఉన్నది నేనే అని గిరాకీలు నమ్ముతలేరు గదమ్మా! నాతోని దుకాన్ల కూసుంటడు మా బామ్మర్ది శ్రవణ్‌కుమార్. గాడు పక్కకే నిలబడి చెంపలు నిమురుకుంటున్నడు. “బావా, ఈసారి నాది పెడదాంలే” అంటడు. ఎంత ధైర్యం!

ఏం రాసినవు అంటరా? ఇంకేం రాస్త, మా పిండే రాసిన. పొద్దుగాల, మాపటికి, దండిగ. మొకానికున్న బూడిద రంగు పోలే గానీ దాని మీద పసుపెక్కి కూసున్నది. మా ఆవిడ విజయలక్ష్మి చూసి “అయ్యో, కామెర్లు!” అని ఒకటే ఏడుపు. నేను ఇన్నేండ్లు తాగిన సంగతి దానికెరుకేనాయె. గంతే, ఛత్రినాక నుంచి మా అత్త చంద్రమ్మ పసరు పట్టుకొని ఆటో దిగింది. నేను “పసుపు, గది పసుపే” అని మొత్తుకుంటుంటే ముక్కు మూసి నోట్లె పోసిన్రు. గల్లీ గల్లీ చెరుకురసం పట్టుకొని పరామర్శకొచ్చింది.

ఇగ అందరి ముందట సబ్బు పెట్టి కడుక్కొని చూపిచ్చిన. పసుపు పోయి అసలు మొకం బయటపడ్డది. అప్పుడు మా అత్త ఏమన్నదో తెల్సా? “అల్లుడా, పసుపున్నప్పుడే నయముంటివి” అన్నది!

ఆ కోపంల బజార్ల తెల్లగ చేసే క్రీమొకటి కొన్న. మొదట మస్తు మెరిసిన. అద్దం ముందటికెళ్లి కదలకపోతుంటి. రాసుడు ఆపంగనే మండి, పొంగి, ఇగో, గిట్లైంది. ఏందీ, అందుల స్టెరాయిడ్ ఉంటదా? డాక్టర్ చెప్పకుంట రాయొద్దా? అయ్య బాబో, ఇగ ముట్ట.

అలవాట్లా? ఏమున్నయమ్మా. జర సిగరెట్. జర గుట్కా. పొద్దుమూకినంక జర మందు. జర అంటే ఎంతనా? మీరు మరీ పోలీసోళ్ల లెక్క అడుగుతున్నరు!

ఆఁ? సిగరెట్‌తోని చర్మానికి నెత్తురు సక్కగ అందదా? అందుకేనా గీ బూడిద రంగు? మందేమో ఒంట్లె నీళ్లు గుంజి, నరాలు ఉబ్బిచ్చి ఎర్రగ చేస్తదా? అంటే ఒకటి నెత్తురు ఆపుతది, ఒకటి పొంగిస్తది. నా మొకం మీదనే రెండు పార్టీలు లొల్లి పెట్టుకున్నయన్నట్టు!

మరి మంచి మందు రాయుండ్రి. ఏందీ, సాదా క్రీము, ఎండకు రాసుకునే క్రీము, నీళ్లు, పండ్లు, నిద్ర... గింతేనా? గివన్నీ తాగుడు, పొగ మానేస్తెనే పని చేస్తయా? మందు ఒక్కపారే ఆపితే వణుకొస్తదా, ఫిట్స్ గూడ రావచ్చా? మానిపిచ్చే డాక్టర్ వేరే ఉంటడా? సరే, ఆయన పేరు గూడ రాయుండ్రి. ఎప్పటికి బాగైతది? నెలలు పడ్తదా? డాక్టరమ్మా, ఫోటో ఎల్లుండి!

బయట కూసున్నది మా బిడ్డ స్రవ్య. అదే నన్ను స్కూటీ మీద తోల్కొచ్చింది. నేను మొకం అటు తిప్పుకొని ఎనక కూసున్న. నిన్న ఇంట్ల పంచాయితీ పెడితే వాళ్ల మామతోని ఎట్ల కొట్లాడిందనుకున్నరు! “మా బాపు బోనాల నాడు నా మీద ఒట్టేసి మానేసిండు. అయినా బాగైతలేదంటే అది చర్మరోగమే. డాక్టర్ మందిస్తది. డబ్బ మీద మా బాపు మొకమే ఉంటది” అన్నది. అందరి ముందట, గట్టిగ. శ్రవణ్ గాడు గూడ తలకాయ దించుకున్నడు. నాకు మస్తు సిగ్గైందమ్మా. అన్నం గూడ సయించలే.

ఎందుకంటరా? మీకు తెల్వదా? నేను లోపటికి రాంగనే మీరు మాస్క్ ఎందుకు పెట్టుకున్నరు మరి? గీ ఇలాచీలు ఎందుకు నములుతున్న అనుకున్నరు?

మానలేదమ్మా. ఒక్కనాడు గూడ మానలే. గోదాముల శనగపిండి బస్తాల ఎనక కూసోని తాగుతున్న. ఇయ్యాల మీ కాడికి రానీకి ధైర్యం చాలక గూడ తాగే వచ్చిన.

పోనియ్యుండ్రి, ఈసారి ఫోటో శ్రవణ్ గాడిదే పడనియ్యుండ్రి. గాడి చెంపలు మంచిగుంటయి. మా నలుగు ఎన్నడు పెట్టుకోడు గాడు!

స్రవ్యను లోపటికి పిలువుండ్రి. వద్దొద్దు, మీరేం చెప్పకుండ్రి, నేనే చెప్త. ముందుగాల గా కిటికీ జర తెరువుండ్రి. లేకపోతే నాకంటే ముందు వాసనే దానికి చెప్తది.