రెండో మలుపు ఎక్కని కారు

మెకానిక్ బాబాయ్ అబద్ధం ఆడడు. నిజాన్ని కాస్త సాగదీస్తాడు, అంతే. కాకపోతే అది తెగేదాకా వదలడు. ఆ సంగతి నర్సమ్మకి తెలియక కాదు, ఆ పొద్దున టీకొట్టు బెంచీ మీద ఆయన పక్కన కూర్చున్నది వేరే గతిలేక. ఒళ్ళో టీకామందుల పెట్టె, పెట్టెలో కరుగుతున్న ఐసు. పైన కొండమీది బడిలో ఇరవై ఇద్దరు చంటిపిల్లలతో తల్లులు కాచుకుని ఉన్నారు. పది గంటలకల్లా వస్తానని వాళ్ళకి మాటిచ్చింది. కారేమో రెండో మలుపు దగ్గర మొరాయించి, వెనక్కి జారి, చివరికి ఆమెను కొండ కిందికే తెచ్చి పడేసింది.

"చదును మీద బాగానే పోతోంది బాబాయ్. ఎత్తు రాగానే యాక్సిలరేటర్ ఎంత తొక్కినా లాగదు. వెనక నల్లటి పొగ. ఒక్కసారి లేచి చూద్దురూ."

"పోయిన శనివారం నా చేత్తో సర్వీసింగ్ చేసిన బండమ్మా అది! దానికి రోగమేమిటి? నీ తొక్కుడులోనే ఉంది లోపం." బాబాయ్ చొక్కా అంచుతో మొహం తుడుచుకున్నాడు. "తువ్వాలుంటే తుడుచుకోనూ? ఈ కొట్లో పెట్టిన వస్తువు ఈ కొట్లోనే మాయం."

"మళ్ళీ మొదలెట్టావా బావా?" టీకొట్టాయన పొంగుతున్న పాలగిన్నె దించాడు. "నీ ఎర్రచారల తువ్వాలు నేనేం చేసుకుంటాను? వారం నుంచీ వచ్చినవాళ్ళందరి ముందూ నన్ను దొంగని చేస్తున్నావు."

బాబాయ్ ఆ మాట చెవిన పడనట్టే నర్సమ్మ వైపు తిరిగాడు.

"ఎత్తెక్కని బండి గురించి నాకా చెప్తావు అమ్మాయ్? విను. వెనకటికి ఇదే కొండకి ఒక పెద్ద కారు వచ్చింది, నలుగురు మెకానిక్కులు చూసి చేతులెత్తేశారు, ఒకడు ప్లగ్గులు మార్చాడు, ఒకడు పెట్రోలు గొట్టం ఊదాడు, ఒకడు ఇంజను దింపాలన్నాడు, వాడి మొహం! నేను స్పానరు పట్టుకుంటే ఒట్టు. బానెట్ మీద చెవి పెట్టాను. ఆయాసం! ముక్కు మూసేసి మెట్లెక్కమంటే మనిషి ఎక్కుతాడా? చదును మీద ఎలాగోలా ఈడుస్తాడు, ఎత్తు రాగానే చతికిలబడతాడు. ఇంజనూ అంతే, ఊపిరాడక తాగిన పెట్రోలు అరక్క నల్లపొగ కక్కుతుంది. ఎయిర్ ఫిల్టరు తీసి దులిపాను, గుప్పెడు దుమ్ము. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

నర్సమ్మకి కథ అక్కర్లేదు. కానీ నల్లపొగ, ఊపిరి అన్న రెండు మాటలు చటుక్కున పట్టుకుంది.

"ఆ ఫిల్టరు ఎక్కడుంటుంది బాబాయ్?"

"ఇంజను మీద నల్ల డబ్బా, నాలుగు క్లిప్పులు, పసిపిల్లలు కూడా తీస్తారు. అది కాదమ్మా అసలు కథ! ఫస్ట్ గేరు వేద్దామని చెయ్యి పెట్టేలోపే మూడో మలుపు దాటేసింది! కింద హారన్ కొట్టానా, పైకెళ్ళి దిగి, టీ తాగి, గ్లాసు కడిగి ఇచ్చాక వినపడింది ఆ హారన్!"

"గ్లాసు నువ్వు కడిగావా? ఇదొక్కటీ నమ్మను," అన్నాడు టీకొట్టాయన.

నర్సమ్మ పెట్టెని టీకొట్టాయన చేతికిచ్చి, నీడలో పెట్టమని చెప్పి లేచింది. బాబాయ్ లేవకపోతే పోయె, చేతులు తనకీ ఉన్నాయి. బానెట్ ఎత్తింది. వేడి మొహాన కొట్టింది. మూడు క్లిప్పులు ఇట్టే ఊడాయి. నాలుగోది గోరు విరిగినా కదల్లేదు. వెనక్కొచ్చి, పంచదార డబ్బాలోంచి చెంచా పట్టుకుపోయింది.

బాబాయ్ గొంతు ఆమె వెనకే వచ్చింది. "నీడ! బండి నీడ కొండ కిందే ఉండిపోయింది! అది రొప్పుకుంటూ పైకొచ్చేదాకా అరగంట ఎండలో నిలబడ్డాం! ఇక బ్రేకు వేశాను చూడు, బండి ఆగింది, కొండ ఆగలేదు! నాలుగు మూరలు ముందుకి జరిగింది! ఇప్పటికీ చూడు, కాస్త ఒరిగి ఉంటుంది..."

బెంచీ మీదివాళ్ళంతా తలలు పక్కకి వంచి కొండకేసి చూశారు.

చెంచా కాడతో మీటగానే క్లిప్పు ఊడింది. నర్సమ్మ మూత ఎత్తింది. ఫిల్టరు శుభ్రంగా, కొత్తదానిలా ఉంది. అయినా వదలకుండా ఫిల్టరునీ పైకి లాగింది. అడుగున గాలి లోపలికెళ్ళే గొట్టం నోట్లో ఏదో గుడ్డ. దుమ్ము పడకుండా ఎవరో కుక్కి, తియ్యడం మరిచిపోయారు. సగం దాకా గొట్టం లోపలికి పోయి ఉంది. లాగింది. వచ్చింది. మళ్ళీ లాగింది. ఎర్రచారలు కనిపించాయి.

అన్నీ తిరిగి బిగించి, స్టార్ట్ చేసి చూసింది. ఇంజను హాయిగా ఊపిరి పీల్చుకుంది. అప్పుడు బెంచీ దగ్గరకొచ్చి, ఆ మసిగుడ్డని బాబాయ్ భుజం మీద వేసింది.

"మీరు చెప్పింది అక్షరాలా నిజం బాబాయ్. ముక్కు మూస్తే ఎవరూ ఎక్కలేరు. మూసిందెవరో చెప్పడం మరిచిపోయారు."

బాబాయ్ తువ్వాలు చూశాడు, కారు చూశాడు, గొంతు సవరించుకున్నాడు.

"అది... నువ్వు కనిపెడతావో లేదో చూద్దామని నేనే... ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"తెలుసు బావా," అన్నాడు టీకొట్టాయన పెట్టె అందిస్తూ. "ఆ తర్వాత వారం రోజులు నేను దొంగనయ్యాను."

నర్సమ్మ పెట్టెని ఊపి చూసింది. ఐసు ఇంకా గలగలమంది. పదికి పావుగంట ఉంది. కారెక్కి, రెండో మలుపు రాగానే యాక్సిలరేటర్ తొక్కింది. కారు ఆగలేదు, జారలేదు, పొగ కక్కలేదు. నిదానంగా మూడో మలుపు ఎక్కింది. పక్కనే రోడ్డు మీద దాని నీడ కూడా, ఒక్క అడుగైనా వెనకబడకుండా, కలిసి ఎక్కింది.