రాధాకుమారి పళ్ళేలు

తార అంత నిక్కచ్చిగా మాట్లాడతాదేటని అడిగావు కదూ, అమరూ? ఇలాగ కూకో, సెప్తాను. ఆళ్ళమ్మ రాధాకుమారిని నువ్వెరగవులే, కోవిడ్‌లో పోనాది. ఏటికి ఇవతల దలాలో మా పక్కిల్లే. కుండలు సేసే ఊరు ట్వంటే ఎల్లి కుమ్మరి సారె మీద పనిసేసేది. మామూలు కుండలు కాదు. ఏటవతల పట్నంలో ఓ ఇటలీ ఆవిడ హోటల్ పెట్టినాది, ఆవిడకి ఆళ్ళ దేశం మాదిరి గిన్నెలు, పళ్ళేలు, నూనె కూజాలు కావాలట. తెల్లపూత, అంచుకి నీలం గీత, మధ్యలో నిమ్మకాయలూ ఆకులూనూ. అన్నీ సేత్తో సేసినవే, ఏ రెండూ ఒకలాగుండవు. ఆ ఆకులు తారే ఏసేది, సెలవుల్లో. పిల్లకి అదో సంబరం.

కానీ బయట సెప్పకూడదు. రాధాకుమారి అత్త గంగాభవాని ఉన్నాదే, "మట్టి పిసికే కోడలని నలుగురికీ తెలిస్తే మన పరువేటవుతాది?" అనేది. అందుకని లైంగ్‌థార్యార్‌లో బట్టల ఫ్యాక్టరీకి ఎల్తన్నాదని అందరికీ సెప్పీసినారు. రాధాకుమారి కూడా అలాగే సెప్పేది. గోళ్ళలో మట్టి కనపడకుండా సేతులు కొంగులో దాసుకునేది పాపం. మా ఆవిడ ఎన్నిసార్లు... సర్లే.

రాధాకుమారి ఆడపడుచు కూతురు జయకి సంబంధం కుదిరినాది. పెళ్ళికొడుకోళ్ళు పట్నంలో ఉంటారు, బాగా ఉన్నోళ్ళు. ఆళ్ళింట్లో బోజనానికి పిలిస్తే అందరూ ఫెర్రీ ఎక్కి ఎల్లినారు. వడ్డించినవేటనుకున్నావు? ఆ నిమ్మకాయల పళ్ళేలే. పెళ్ళికొడుకు తల్లి మణిమాల, "ఇటలీ సరుకండీ, హోటలావిడ దగ్గర కొన్నాం" అన్నాది. గంగాభవాని పళ్ళెం అటూ ఇటూ తిప్పి, "ఎంత బాగున్నాయో, మనోళ్ళకి సేతనవుతాదా" అన్నాది. అప్పుడు తార, పదేళ్ళుంటాయేమో, "ఇవి మా అమ్మే సేసినాది. ఈ ఆకు నేనేసినాను" అన్నాది.

అందరూ రాధాకుమారి కేసి సూసినారు. మణిమాల మెల్లిగానే అడిగినాది, "నిజవేనా అమ్మా?" అని. రాధాకుమారి సేతులు బల్ల కిందకి పోనాయి. "దీనికి అబద్దాలు అలవాటండీ" అనీసినాది. గంగాభవాని అక్కడే పిల్లని సెంపమీద కొట్టినాది. తల్లి అడ్డెల్లనేదు.

ఫెర్రీలో వస్తంటే తార అడిగినాదట, "అమ్మా, నేను అబద్దం ఆడినానా?" అని. తల్లి నీళ్ళకేసి సూస్తా కూకున్నాది. పిల్ల అది మొదలు ట్వంటే రానన్నాది. కుంచె ముట్టనన్నాది. పని దగ్గర రాధాకుమారికి సెయ్యి ఆడేది కాదు. ఆకులు తనే ఏద్దామంటే పిల్ల సెంప కనపడేదంట. ఇవన్నీ మా ఆవిడ దగ్గర సెప్పుకుని ఏడ్చినాది.

కొన్నాళ్ళకి ఓ ఆదివారం పనిలో కట్టుకునే మట్టి మరకల లుంగీతోనే, పిల్లని సెయ్యట్టుకుని మణిమాల ఇంటికి ఎల్లినాది. ఇంటినిండా సుట్టాలున్నారట. గుమ్మంలోనే నిలబడి, "ఆ పళ్ళేలు నేనే సేసినాను. ఆ దినం అబద్దమాడింది నేను, నా పిల్ల కాదు" అన్నాది. ఏటో అయిపోతాదనుకున్నాది. సంబంధం తప్పిపోతాదనుకున్నాది. మణిమాల, "అయ్యో, దానికేటమ్మా, ముందే సెప్పుంటే ఇంకో డజను సేయించుకుందుము" అని టీ పోసినాది. అంతే. ఎవరూ మొహం ముడుసుకోనేదు. ఆళ్ళకసలు ఆ దెబ్బే గేపకం నేదు.

తిరిగొచ్చి మా గుమ్మంలో కూలబడిపోనాది. "ఇంత సిన్న మాట, వదినా. ఇంత సిన్న మాటకి నా పిల్లని కొట్టించుకున్నాను" అన్నాది మా ఆవిడతో. ఆళ్ళు తిట్టుంటే బాగుణ్ణు అన్నాది. తార పక్కనే నిలబడి ఇంటన్నాది. ఓదార్చనేదు, అలాగని ఎల్లిపోనూనేదు. ఆనక పక్కన కూకుని, తల్లి గోళ్ళలో మట్టి పుల్లతో తీసినాది...

అదిగో, వానొచ్చీలాగుంది. దండెం మీద బట్టలున్నాయి, నువ్వోపాలి సూడు నాయనా.