ఓంకుమారి కిటికీ

మంచుకొండల నడుమ కాళీగండకి నది లోయలో లేతే అనే ఊరు. సత్రం వంటింట్లో పొయ్యి దగ్గర ఓంకుమారి, రొట్టెలకి పిండి కలుపుతూ కొత్త కోడలు పబిత్రా. పొద్దుటి వేళ.

“మళ్లీ నవ్వుతున్నావు. పిండిలో ఏముందే అంత నవ్వడానికి?”

“ఏం లేదత్తయ్యా. చూడండి, పిండి నా గాజులకి కూడా పట్టేసింది. కాలిస్తే గాజురొట్టెలవుతాయి.”

“తీసి గూట్లో పెట్టుకోరాదూ?”

“అమ్మో, తియ్యను. మీ అబ్బాయి వచ్చేసరికి చేతినిండా ఉండాలి. రాత్రి ఫోన్లో ఏమన్నాడో తెలుసా?”

“నాకెందుకే మీ రాత్రి కబుర్లు.”

“ఛీ, అవి కాదు. మన ఇంటి మీదకి రాగానే ఒకసారి విమానం రెక్క వంచుతాడట. పక్క సీట్లో కూచునే కెప్టెన్‌ని అడిగి ఒప్పించాడట. అందుకే తనతో చెప్పినట్టే డాబా మీద నా ఎర్ర శాలువా పరిచొచ్చాను, ఇల్లు తెలియాలని.”

“పుట్టి పెరిగిన ఇల్లు, శాలువా లేకపోతే వాడికి తెలియదా?”

“తెలుస్తుంది. అయినా.”

“రెక్కలు వంచడాలూ అవీ ఈ లోయలో వద్దని చెప్పు. బుద్ధిగా పోయి ఎగువన జోమ్సోమ్‌లో దిగి, జీపెక్కి ఇంటికి రమ్మను. అదేమైనా నిన్నా మొన్నటి బండా? నేను కాపురానికి వచ్చిన నాటి నుంచీ అదే మోత వింటున్నాను.”

“ట్విన్ ఆటర్ విమానాన్ని అలా అనకండత్తయ్యా, మీ అబ్బాయి నొచ్చుకుంటాడు. సంబంధం కుదిరిన రోజు నుంచీ దాని గురించి దొరికిందల్లా చదివాను. ఎక్కడ పడింది, ఎందుకు పడింది...”

“పెళ్లికూతురు చదవాల్సినవి అవా?”

“భయమేసి మొదలెట్టాను. మా అమ్మ ఫోన్ లాక్కుంది కూడా. బయటి దేశాల్లో పడ్డవాటికి ఒక్కోదానికి ఒక్కో కారణం. ఒకచోట తోకని లాగే తీగ అరిగి తెగింది. ఇంకోచోట బరువు ఎక్కువేశారు. మన దగ్గర చూస్తే చాలావాటిలో అసలు విమానం తప్పే లేదు. ఇంజను ఆగలేదు, రెక్క విరగలేదు. శుభ్రంగా ఎగురుతున్నది ఎగురుతున్నట్టే వెళ్లి, మబ్బులో ఉన్న కొండకి...”

“నాకు చెబుతున్నావా?”

“అంటే, చదివింది చెప్పాను...”

“మీ మామగారు వెళ్లారు. ఒకసారి కాదు. ఈ చుట్టుపక్కల పడితే ముందు పరిగెత్తేది ఊరి మగవాళ్లే. తిరిగొచ్చాక ఒక్కటే అన్నారు. దేవదారు చెట్ల తలలు కొడవలి పెట్టి కోసినట్టున్నాయే అని. అంటే విమానం పంకాలు చివరిదాకా తిరుగుతూనే ఉన్నాయన్నమాట.”

“అయ్యో.”

“ఆ రాత్రికి మన సత్రంలో గదులు చెప్పుకున్నవాళ్లు ఉన్నారు అందులో. వాళ్ల కోసం పప్పు పెట్టాను పొయ్యి మీద. సంగతి తెలిశాక కూడా దించబుద్ధి కాలేదు. అడుగంటి మాడిపోయింది.”

“పొద్దున్నే ఎందుకత్తయ్యా ఇవి.”

“నువ్వే కదే మొదలెట్టావు! అప్పటి నుంచే నేను కిటికీ దగ్గర కూచోవడం. కింద పోఖరా విమానాశ్రయంలో వాళ్లకి యంత్రాలున్నాయి, చదువుకున్న ఆఫీసర్లున్నారు. ఉంటే ఉన్నారు. మొదటి విమానం కదిలేముందు అక్కడి ఆఫీసరు లామిఛానే నాకే ఫోన్ చేస్తాడు, వదినా మబ్బు లేకుండా దారుందా అని. నేను ఉందంటే ఉంది, లేదంటే లేదు. ఏ కంపెనీదైనా సరే, వరసలో ఉన్నవన్నీ ఆ ఒక్క మాట మీదే లేస్తాయి.”

“తెలుసు. మా అమ్మ ఉండగా రాడార్ ఎందుకని మీ అబ్బాయి అందరికీ గొప్పలు చెబుతాడు.”

“వాడి మొహం. అయినా ఇవాళ ఇంకా చెయ్యలేదేమిటి లామిఛానే?”

“అయ్యో, చేశాడు! మీకు చెప్పడమే మర్చిపోయాను. మీరు పాలు పితుకుతున్నారు, నేనే ఎత్తాను.”

“నువ్వా? ఏం చెప్పావు?”

“దారుందని చెప్పాను. ఊరికే కాదు, చూసే చెప్పాను. ముందు వచ్చేది మీ అబ్బాయి విమానమేనట. తొందరగా చెప్పమ్మాయ్, నీ మొగుడు సీట్లో కూచోలేక గెంతుతున్నాడు అని ఒకటే ఏడిపించాడు బాబాయ్.”

“ఏం చూశావు?”

“ధౌలాగిరి శిఖరం. మొత్తం కనిపిస్తోంది, బంగారం పోసినట్టు. ఒక్క మబ్బు పీలిక లేదు. పోఖరాలో మా పుట్టింటి డాబా మీద కూడా అంతే కదా, మంచుకొండ కనబడిందంటే ఆ పూట తెరిపే.”

“ఏ కిటికీలోంచి చూశావు?”

“ఇదే. పొయ్యి పక్కది.”

“లే.”

“పిండి చేతులు, కడుక్కుని...”

“ముందు లే! ఇటు రా. నా కిటికీ ఇది, గిన్నెల బల్ల వెనకది. పైకి కాదు, కిందకి చూడు. నది మీద ఘాసా వంతెన కనిపిస్తోందా?”

“వంతెన... లేదు.”

“దాని వెనక నల్ల చరియ?”

“లేదత్తయ్యా. తెల్లగా ఉంది. అంతా తెల్లగానే ఉంది. నది కూడా లేదు.”

“శిఖరం మెరిస్తే ఎవడిక్కావాలే! వాడు శిఖరం మీంచి వస్తాడా? ఆ ముసలిబండికి అంత ఎత్తు చేతకాదు. ఈ సందులోంచి, నది వెంబడి రావాలి.”

“నాకు తెలియదు... నాకెవరూ చెప్పలేదు... ఫోన్, ఫోన్ ఎక్కడ?”

“నీ చేతిలోనే ఉంది. లామిఛానేకి చెయ్యి.”

“వేరేవాళ్లతో మాట్లాడుతున్నాడు. మళ్లీ చేస్తాను... ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు!”

“అబ్బాయికి, నిశ్చల్‌కి చెయ్యి.”

“మోగుతోంది. ఎత్తడం లేదు. ఎగిరేముందు సంచిలో పడేస్తాడు కదా... పడేశాడత్తయ్యా!”

“ఏడవకు. జోమ్సోమ్ టవర్‌కి చెయ్యి. గోడ మీద బొగ్గుతో రాసిన నంబరు.”

“హలో! లేతే నుంచండీ, ఓంకుమారి గారి కోడల్ని. ఇక్కడ దారి లేదండీ, నేను తప్పు చెప్పాను, మొదటి విమానాన్ని వెనక్కి తిప్పమనండి... ఏమిటి?... అత్తయ్యా, ఎప్పుడో లేచిందట. పిలుస్తుంటే పలకడం లేదట. లోయలోకి దిగాక కొండలు అడ్డమొచ్చి మాట అందదంటున్నాడు.”

“ఉష్. విను.”

“ఏమిటి?”

“మోత.”

“అవును! వస్తున్నాడు! అత్తయ్యా, వచ్చేస్తున్నాడు!”

“ఉండవే. ఎటు నుంచి?”

“కింది నుంచి. కాదు, అటు... అన్ని వైపుల నుంచీ వస్తోంది.”

“తెరిపిలో ఉంటే ఒక్కవైపు నుంచే వినిపిస్తుంది. మబ్బులో ఉన్నాడు.”

“తిరగండి. వెనక్కి తిరిగిపోండి. దారుందని నేను చెప్పలేదనుకోండి, తిరిగిపోండి...”

“అక్కడ తిరగడానికి చోటు లేదు తల్లీ.”

“అత్తయ్యా.”

“ఊఁ.”

“నాకు వినిపించడం లేదు. మీకు వినిపిస్తోందా? దాటిపోయాడేమో. జోమ్సోమ్ వెళ్లిపోయాడేమో!”

“మన నెత్తి మీంచి పోకుండా జోమ్సోమ్ ఎలా పోతాడే.”

“అలా అనకండి! పోయాడనండి! దాటిపోయాడనండి!”

“కూచో. కింద కూచో. నన్ను పట్టుకో.”

“నన్ను కొట్టండత్తయ్యా.”

“కొడితే వస్తాడా? ఆ ఆవు ఇవాళ పాలివ్వకపోతే ఏం పోయేది... నేనే ఎత్తేదాన్ని కదా... ఫోన్. ఫోన్ మోగుతోంది.”

“నేను ఎత్తను. ఇంక జన్మలో ఎత్తను.”

“ఇటివ్వు. హలో.”

“అమ్మా! పబిత్రా ఫోన్ చేసిందేమిటి? చూసుకోలేదు.”

“ఎవరు?”

“ఎవరేమిటి? నేనే, నిశ్చల్‌ని. గొంతేమిటి అలా ఉంది?”

“ఎక్కడున్నావురా?”

“పోఖరాలోనే. మా ముసల్ది మొరాయించింది. బ్యాటరీ చచ్చినట్టుంది, పంకా కదలనంటే కదలనంది. ఇందాకట్నుంచీ దాన్నే బతిమాలుతున్నాం.”

“పబిత్రా! కిందే ఉన్నాడే! ఎగరనే లేదే! ఇదిగో, నువ్వే విను!”

“మీరేనా? నిజంగా మీరేనా? కాళ్లు నేల మీదే ఉన్నాయా?”

“నేల మీదే, మోకాళ్ల దాకా గ్రీజుతో. ఏడుస్తున్నావా? పిచ్చిదానా, ఒక్క రోజు ఆలస్యమైతే ఇంత ఏడుపా? రేపు వస్తాలే.”

“వద్దు. జీపులో రండి. నడిచి రండి. గాలిలో మాత్రం రావద్దు.”

“సరే సరే, నడిచే వస్తాను. కానీ నీ శాలువా దండగ కానివ్వలేదులే. మా వెనక వరసలో ఉన్న ఇంకో కంపెనీ విమానం వాళ్లు మా జనాన్ని సర్దుకుని ఎక్కించుకుని ముందుగా లేచారు. వాళ్ల కెప్టెన్ నాకు దోస్తు, వాడికీ ఈ మధ్యే పెళ్లయింది. మబ్బు సంగతి ఏమిట్రా అంటే, లేతే అమ్మ చూసి చెప్పాక ఇంకేం చూస్తాం అని నవ్వుతూ ఎక్కాడు. ఎర్ర శాలువా పరిచిన డాబా కనిపిస్తే నా బదులు ఒక్కసారి రెక్క వంచరా అని చెప్పి పంపాను. వంచాడా?”