తూనీగ సిస్టరూ, ఒత్తిడి తగ్గించే క్లాసూ

ఏమ్మా, డ్యూటీ నుంచి వచ్చి అలా కూలబడ్డావేం? ఏంటీ, మీ ఆసుపత్రిలో కూడా పెట్టారా, నర్సులకి ఒత్తిడి తగ్గించే క్లాసు? ఓహో, అయితే ఇక మీ కష్టాలు గట్టెక్కినట్టే! నవ్వకే. మీ తాత ఆసుపత్రి లిఫ్టు నడుపుతూ ముసలాడైనవాడు, ఇలాంటి వైభోగాలు చాలా చూశాడు. మా దగ్గర తూనీగ సిస్టరని ఒకావిడ ఉండేది. పోయి చాలా ఏళ్లైందిలే పాపం. ఒక్కచోట వాలదని ఆ పేరు పెట్టింది నేనే. కాళ్లకి బలపాలు కట్టుకుని తిరిగేది. మంచాలు చాలక నేల మీద కూడా రోగులే, అంతమందికీ ఈవిడా ఇంకొకామె. మంచినీళ్లు తాగేది కాదమ్మా, బాత్రూముకి వెళ్లే తీరిక లేక! అదేంటి సిస్టర్ అంటే, "నీళ్లు తాగితే పనిదొంగనైపోతాను బాబాయ్" అనేది. నోరు మాత్రం మహా పదునులే.

సరే, పెద్దలకి జాలి వేసింది. ఇంకో నలుగురు నర్సుల్ని వేశారనుకున్నావా? పిచ్చిదానా! ఒక గురువుగార్ని పిలిచారు. సూటూ బూటూ, చేతిలో మైకూ. "కళ్లు మూసుకోండి... మీరిప్పుడు సెలయేటి ఒడ్డున ఉన్నారు..." అంటాడు. అది కూడా ఎప్పుడూ? సరిగ్గా డ్యూటీలు మారే వేళకి! దిగేవాళ్లూ ఎక్కేవాళ్లూ అందరూ రావాలట, రాకపోతే మెమో అట. మరి వార్డులో ఎవరుండాలి? తన బదులు డ్యూటీ ఎక్కే రిలీవరు రాకుండా వార్డు వదలకూడదు, నీకు తెలియందేముంది. తోడున్నామె మెమోకి భయపడి వెళ్లిపోయింది, తూనీగ మిగిలింది. గోరుచుట్టు మీద రోకటిపోటని, ఆ రోజే, పై అంతస్తులో చేర్చిన వాళ్లమ్మకి కింద థియేటరులో ఆపరేషను. సెలవడిగితే "ఆపరేషను నీక్కాదుగా" అన్నారు మహానుభావులు. "డ్యూటీ దిగగానే వస్తానమ్మా, థియేటరు తలుపుదాకా నీ చెయ్యి వదల్ను" అని తల్లికి మాటిచ్చింది.

ఆపరేషను వేళ దగ్గరపడుతుంటే ఉండలేక నేనే వెళ్లి క్లాసు జరిగే హాలు తలుపు కొట్టాను. లోపల గడియ, ప్రశాంతత బయటికి కారిపోతుందనో ఏమో! గురువుగారి మనిషి తల బయటపెట్టి, "ష్... అందరూ సెలయేటి ఒడ్డున ఉన్నారు" అన్నాడు. "ఒరే నాయనా, ఆ ఒడ్డు నుంచి ఒక్క సిస్టర్ని ఇటు పంపించు" అన్నాను. మొహం మీదే తలుపేశాడు. తిరిగొచ్చేసరికి ఆ తల్లిని స్ట్రెచరు మీద తెచ్చి నా లిఫ్టులోకే ఎక్కించారు. "మా పిల్లేదీ బాబూ?" అంది. వస్తోందమ్మా అన్నాను, ఇంకేం అనను? కిందికి దిగుతుంటే లిఫ్టు ఊచల్లోంచి వార్డు కనబడింది. తూనీగ ఊపిరందని మనిషికి ఆక్సిజన్ మాస్కు నొక్కి పట్టుకునుంది. వదిలితే వాడు దక్కడు. తల్లి చూసింది, చెయ్యెత్తింది. కూతురు చూడలేదు. ఆపరేషనైతే అయ్యింది కానీ ఆవిడకి మళ్లీ తెలివి రాలేదు.

తల్లిని సాగనంపి మళ్లీ డ్యూటీకొచ్చిందా, లిఫ్టులో పెద్దసారు ఎదురుపడ్డాడు. ఓ ఓదార్పు మాట అంటాడేమో అనుకున్నా. "ఏమ్మా, క్లాసుకి అందరూ వచ్చారు, నువ్వొక్కదానివే రాలేదేం? ఇలాగైతే నీకు ఒత్తిడి ఎలా తగ్గుతుంది?" అన్నాడు. తూనీగ ఆయన కళ్లలోకి చూసింది. అంత పదునైన నోరా, గొంతు కూడా పెంచలేదు.

"రిలీవరు రాలేదు సార్" అంది.

... ఆ ఫ్యాను కాస్త పెంచమ్మా.