సెల్లార్‌లో కారు

లాక్‌డౌన్ పెట్టి రెండు నెలలైంది. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, ఎక్కడికీ వెళ్లని కారులో ఆవిడ స్టీరింగ్ ముందు కూర్చుని ఉంటే, ఆయన వచ్చి పక్క తలుపు తీశాడు.

"బ్యాటరీ పడిపోకుండా పది నిమిషాలు స్టార్ట్ చేసొస్తానన్నావు. గంటైంది."

"ఇంజన్ ఎప్పుడో ఆపేశాను. ఊరికే కూర్చున్నా."

"రోజూ ఇంతేనా?"

"ఇంతే. పైన ఒక గదిలో మీ మీటింగు, ఇంకో గదిలో అమ్మాయి క్లాసు. నేను తుమ్మినా ఇద్దరూ 'ష్' అంటారు. ఇక్కడ కాస్త ఊపిరాడుతుంది. తిడతారా?"

"ఏ మొహం పెట్టుకుని తిట్టను? చెత్త పడేసొస్తానని నేనొచ్చేదీ ఇక్కడికే."

"అయితే సీటు వెనక్కి నెడుతున్నది మీరేనన్నమాట! రోజూ ముందుకి లాక్కోలేక చస్తున్నా."

"నేను ముందు సీటు ముట్టుకోనే. వెనకాల నడుం వాలుస్తాను, అంతే."

"మరెవరు?"

"ఆగు, నీ కాళ్ల దగ్గర ఏదో ఉంది. ఈ జుట్టు రబ్బరు బ్యాండు నీదా?"

"నాది కాదు. అమ్మాయిది."

"తలుపేసుకుని ఫోన్ చూస్తోందనుకున్నాం కదా! పదిహేనేళ్ల పిల్ల ఒక్కత్తే ఇక్కడ కూర్చుని ఏం చేస్తుంది?"

"మనం చేసేదే."

"అడుగుదామా?"

"వద్దు. అడిగితే దానికి ఈ చోటు కూడా లేకుండా పోతుంది. రబ్బరు బ్యాండు ఎక్కడుందో అక్కడే పెట్టేయండి."

"సరే. పద, పైకి వెళ్దాం."

"ఉండండి, సీటు వెనక్కి జరపనివ్వండి. దానివి మీ కాళ్లే, పొడుగు."